దాహం నేర్చిన రాయి

మా ఇంట్లో రాయి నీళ్ళు తాగుతోందని మొదట బయటపెట్టింది బకెట్. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్. బాత్రూం మూల బుద్ధిగా నిలబడి ఉన్నది కాస్తా పొట్ట ఉబ్బి నిలువునా చిట్లింది. చిట్లితే నీళ్ళు కారి ఉండాలి కదా, గచ్చు పొడిగా ఉంది. బకెట్లో చుక్క లేదు. అడుగున కూర్చున్న రాయి మాత్రం నిన్నటికన్నా ఒళ్ళు చేసి, చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

“ఏమండీ, మీ రాయి బకెట్టెడు నీళ్ళు తాగి బకెట్ కూడా పగలగొట్టింది,” అని కేకేశాను.

పళ్ళు తోముకుంటున్న మా ఆయన జగ్గారావు నోటి నిండా నురగతో పరుగెత్తుకొచ్చారు. నురగ ఉమ్మి, నోరు పుక్కిలించి, రాయిని రెండు చేతులా ఎత్తి నాలిక చాపి నాకారు. నాలిక రాయికి అతుక్కుంది. అతుక్కున్న నాలికతోనే ఏదో అన్నారు. ఊడదీసుకున్నాక తెలిసింది, “వచ్చేసింది ఇందూ, వచ్చేసింది!” అన్నారని.

భూగర్భశాస్త్రం చదివినవాళ్ళలో రాళ్ళు నాకడం జబ్బు కాదు, పరీక్ష. గట్టి రాయి నాలికకు అంటదు. మట్టిగా మారిన రాయి తడిని పీల్చుకుని పట్టుకుంటుంది. మా పెళ్ళైన కొత్తలో ఈయన మా పుట్టింటి పొత్రాన్ని నాకడం చూసి మా అమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, “అబ్బాయికి ఆకలేస్తే అడగమను,” అంది.

ప్రయోగం ల్యాబులో కాకుండా మా బాత్రూంలో ఎందుకు జరుగుతోందంటే, విశాఖపట్నంలో ఏప్రిల్ వచ్చేసరికి ఆయన పనిచేసే పరిశోధన సంస్థ కుళాయిల్లో గాలి తప్ప ఏమీ రాదు. మా కాలనీలో బోరుంది. అందుచేత దేశంలోకెల్లా పొడి రాయికి నీళ్ళు పట్టించే గౌరవం మా ఇంటికి దక్కింది.

ఆ రాయి పేరు ఖొండలైటు. తూర్పు కనుమల్లో ఎటు చూసినా అదే. తుప్పు రంగు మచ్చలతో, మధ్యమధ్య దానిమ్మ గింజల్లాంటి గార్నెట్లతో ఉంటుంది. మా పెరటి గోడ కూడా దానితో కట్టిందే. ఒకప్పుడది సముద్రం అడుగున బురదట. భూమి దాన్ని ముప్పై కిలోమీటర్ల లోతుకి లాక్కుపోయి, ఇనుమైనా ఎర్రగా కాలే వేడిలో, ఎవరూ దించేవాళ్ళు లేక లక్షల ఏళ్ళు వేయించింది. బురదలో ఉన్న నీళ్ళన్నీ ఇగిరిపోయాయి. పైకి వచ్చాక దాని మీద ఎన్ని వానలు కురిసినా పైపైన తుప్పు పట్టడమే తప్ప లోపలికి చుక్క దిగలేదు.

“చేగోడీలు వేయించి డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు,” అన్నాను ఒకసారి. ఆయన చిన్నబుచ్చుకున్నారు. తర్వాత అదే మాట ఏటా క్లాసులో చెబుతున్నారని, నా పేరు మాత్రం చెప్పడం లేదని రత్నమాల వల్ల తెలిసింది.

రత్నమాల ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. మా మేడ మీద గదిలో ఉంటుంది. పాడేరు పైన, కొండల్లో ఊటగరువు వాళ్ళ ఊరు. నాకు వంటలో సాయం చేస్తానని వస్తుంది, నేను వద్దంటాను, తను తింటూ కబుర్లు చెబుతుంది. ఇద్దరికీ అదే సుఖంగా ఉండేది.

ఆ డబ్బా మూత తియ్యడమే ఈ గురుశిష్యుల పని. కంటికి ఆనని ఒక రకం మైకా పలుకును ల్యాబులో తయారుచేశారు. దాన్ని గార్నెట్ అంచున నాటితే పక్కనున్న రేణువును తనలా మార్చేస్తుంది. మారుతూ ఆ రేణువు నీళ్ళు పీలుస్తుంది, మారిపోయాక తన పక్కదాన్ని మారుస్తుంది. అలా రాయంతా మెల్లగా వెనక్కి నడిచి, బయల్దేరిన చోటికి, అంటే బురదకి, చేరుతుంది. దానికి ఆయన పెట్టిన ఇంగ్లీషు పేరు ఊపిరి పట్టుకుంటే తప్ప పూర్తికాదు. పాలు తోడుకున్నట్టే ఉంది కదా అని నేను ‘తోడు’ అన్నాను. ల్యాబులో అందరూ అదే అంటున్నారు.

“దీనితో ఎవరిని ఉద్ధరిస్తారు?” అని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయేది. మన్యంలో మార్చి దాటితే ఆడవాళ్ళు బిందెలతో ఎంత దూరం నడుస్తారో ఫీల్డుకు వెళ్ళినప్పుడల్లా చూసిన మనిషి. కొండ లోపల అక్కడక్కడ రాయిని మెత్తబరిస్తే వానాకాలపు నీళ్ళు అందులో నిలుస్తాయని, ఎండాకాలం మెల్లగా ఊరి బయటకొస్తాయని ఆయన ఆశ.

“పిండిలో పోసిన నీళ్ళు మళ్ళీ పిండుకోగలమా?” అన్నాను. నేను బీయస్సీ కెమిస్ట్రీ. వాడుకలో లేదు గాని పోలేదు.

“కొంత రాయిలో కలిసిపోతుంది, నిజమే. తర్వాత పొరల మధ్య ఖాళీలు వస్తాయి. మిగతాది వాటిలో నిలుస్తుంది. ఎక్కడ ఆగాలో దానికి నేర్పాలంతే.”

తాగడం మొదలుపెట్టినవాడికి ఆపడం నేర్పిన సంఘటన మా చుట్టాల్లో ఒక్కటీ లేదు. ఆ మాట అనలేదు. ఆయన అప్పటికే కొత్త బకెట్ కోసం చెప్పులు వేసుకుంటున్నారు.

ఆ తర్వాత ఇల్లు కుదురుగా లేదు. ఆయన అన్నం మధ్యలో లేచి బాత్రూంలోకి తొంగి చూసి వచ్చేవారు. రత్నమాల మెట్లు దిగుతూ ఒకసారి, ఎక్కుతూ ఒకసారి చూసేది. రాయి ఎంత తాగిందో తెలియడానికి బకెట్ లోపల గీతలు గీశారు. మంగళవారం తలంటుకోవాలంటే నేను రాయి అనుమతి తీసుకోవలసి వచ్చింది.

ఆపడం ఎలాగో మాత్రం త్వరగానే దొరికింది. నీళ్ళు తీసేసి ఎండబెడితే రాయి మారడం ఆగిపోతోంది. నెలల తరబడి సీసాలో ఎండిన ముక్క సూక్ష్మదర్శిని కింద చూస్తే కదలదు, మెదలదు. “ఎండితే చచ్చినట్టే,” అని ఆయన తేల్చారు. పని అయిపోయిన ముక్కలు ఎండబెట్టి బయట పారేయొచ్చని ల్యాబులో అందరికీ చెప్పారు. నేనూ విన్నాను. పూర్వం ప్రయాణాలకు వెళ్ళేటప్పుడు పెరుగులో గుడ్డ ముంచి ఆరబెట్టి మూటలో పెట్టుకునేవారు. దిగిన ఊళ్ళో ఆ ఎండిన గుడ్డ పాలల్లో వేస్తే పొద్దుటికి గడ్డ పెరుగు. మా నాయనమ్మ చేస్తుంటే కళ్ళారా చూసినదాన్ని. ఆ క్షణాన నాకు అది తట్టలేదు. పప్పులో పోపు మాడుతోంది, అది తట్టింది.

మరుసటి ఏడాది మే నెల చివర ఒక పొద్దుట రత్నమాల ఫోను చెవి దగ్గర పెట్టుకునే వంటింట్లోకి వచ్చి నిలబడింది. అవతల వాళ్ళమ్మ కాసులమ్మ గొంతు నాకు కూడా వినిపిస్తోంది. “ఊట సన్నబడిపోనాదే పిల్లా. ఏ ఏడూ ఇలగ నేదు. గొట్టాంలోంచి దారం నాగొస్తంది. పైన బండ ముట్టుకుంటే జొరం ఒచ్చిన మనిసిలాగుంది.”

రత్నమాల ఫోను పెట్టేసి కొత్తిమీర కట్ట విప్పి, మళ్ళీ కట్టేసింది.

“ఆంటీ, నేనే పెట్టాను,” అంది.

“ఏం పెట్టావ్?”

“రాయి. నా థీసిస్‌కి మా ఊటబండ దగ్గరే ముక్క కొట్టుకొచ్చాను కదా. మా ఊళ్ళో కొండ మీంచి రాయి తెచ్చుకుంటే, పొయ్యికైనా గోడకైనా, పని అయ్యాక తిరిగి తెచ్చిన చోటే అప్పజెప్పాలి. లేకపోతే కొండ అడుగుతూనే ఉంటుందని అంటారు. పండక్కెళ్ళినప్పుడు మిగిలిన ముక్క పసుపు రాసి ఊట పగులులో పెట్టేశాను. ఎండిపోయిందే ఆంటీ. సార్ చచ్చినట్టే అన్నారు.”

వెచ్చగా ఉన్న బండ, తగ్గుతున్న నీళ్ళు. నాకు బకెట్ గుర్తొచ్చింది. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఆయన ముఖంలో మొదట వచ్చింది భయం కాదు. అది నేను చూశాను, రత్నమాల కూడా చూసింది.

“అంటే, బయట కొండలో కూడా పనిచేస్తుందన్నమాట!” అన్నారు.

ఆయనే తేరుకుని తల దించుకున్నారు. “జీపు చెబుతాను,” అన్నారు.

నన్ను రావద్దన్నారు. బీపీ మాత్రలు ఎక్కడున్నాయో చెప్పమన్నాను. చెప్పలేకపోయారు. నేనూ ఎక్కాను.

ఘాట్ రోడ్డు పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు. రోడ్డు కోసిన చోటల్లా అదే రాయి, ఎర్రగా, తళుక్కుమంటూ. ఎప్పుడూ మలుపు మలుపుకీ జీపు ఆపి నాకు పాఠం చెప్పే మనిషి ఆరోజు ఒక్క చోటా ఆపమనలేదు. ఈ కొండలన్నీ ఒకే రాయి కదా అని నేననుకుంటున్నాను. ఆయన కూడా అదే అనుకుంటున్నారని ఒక్కో కొండా దాటగానే వెనక్కి తిరిగి చూస్తున్న తీరులోనే తెలిసింది.

ఊటగరువులో ఇళ్ళన్నీ కొండ పాదాన ఒక్క వరసలో ఉన్నాయి. ఇళ్ళకు నేరుగా పైన ఊట. బండ పగులులోంచి వచ్చే నీళ్ళకు వెదురు గొట్టం పెట్టారు. గొట్టం కింద బిందె, దాని వెనక బిందెలు, వాటి వెనక ఆడవాళ్ళు. నీళ్ళు ధార కట్టడం లేదు, ఒక్కో బొట్టూ ఆలోచించుకుని పడుతోంది. పగులు చుట్టూ రాయి రంగు మారి, బూడిద పచ్చగా, ఉబ్బి ఉంది. నేను వేలు పెడితే దిగబడింది. వడియాల పిండిలా ఉంది.

కాసులమ్మ నడుముకు కొంగు చుట్టుకుని వచ్చింది. మనిషి పొట్టి, చూపు పొడుగు. కూతుర్ని పలకరించలేదు.

“నువ్వేనా బావూ మా కొండకి తాగుడు నేర్పినోడివి?” అంది మా ఆయనతో.

“అమ్మా, నేనే కదా పెట్టాను,” అంది రత్నమాల.

“నువ్వు ఒప్పజెప్పినావు. అది మన మరియాద. అందులో ఏటి పెట్టి పంపినాడో ఆయన్నడగాల గదా.”

మా ఆయన చేతులు జోడించారు. తర్వాత సుత్తి తీశారు. ఆయనకు సిగ్గేసినా, దుఃఖం వచ్చినా చేతిలోకి సుత్తే వస్తుంది. సాయంత్రం దాకా తవ్వి, కొట్టి, నాకి చూశారు. తోడు ఊట పగులు వెంబడి లోపలికి పాకింది. ఇంకా గది అంత మేరే మెత్తబడింది. కానీ పాకడం ఆగలేదు.

కాసులమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాక ఆయన చెప్పింది నేను నమ్మలేకపోయాను. “పదిహేను రోజులు చూద్దాం. ఎక్కడో ఒకచోట నిండుతుంది. నిండాక లోపల ఖాళీల్లో నీళ్ళు నిలుస్తాయి. ఏడాది పొడుగునా ఊట ఉంటుంది. నేను ఇన్నేళ్ళూ చేస్తున్నది అందుకే కదా!”

“వానలొస్తే?” అన్నాను.

“కేరళలో పడ్డాయిట,” అంది రత్నమాల. “ఇక్కడికి రావడానికి ఎన్నో రోజులు పట్టదు. సార్, వాన పడితే ఆ రాయికి కావలసినంత నీరు. ఉబ్బుతుంది. ఉబ్బిన మట్టి వాలు మీద నిలవదు. కింద మా ఇళ్ళు.”

“ఈలోపు ఆగిపోవచ్చు.”

“ఆగుతుందని మీరంటున్నది లెక్కా సార్, ఆశా?”

ఆయన లేచి వాకిట్లో పచార్లు మొదలుపెట్టారు. కోళ్ళు అడ్డు తప్పుకున్నాయి. నా భర్తను ఒక విద్యార్థిని అలా నిలదీస్తుంటే నాకు బాధ కలగాలి. నేను ఆ అమ్మాయి పళ్ళెంలో ఇంకొంచెం పెండలం కూర వేశాను.

తిరిగొచ్చి కూర్చుని, “ఆశ,” అన్నారు.

చంపడానికి ఒకటే దారి. ఎండబెట్టడం పనికిరాదని తేలిపోయింది. కాల్చాలి. ఇటుక కాల్చినట్టు కాలిస్తే పీల్చిన నీరంతా పోయి, ఆ మైకా పలుకు రూపే చెడిపోతుంది. మళ్ళీ లేవదు. మెత్తబడిన మట్టి మొత్తం తవ్వి తీసి, ఆ బొరియలో బొగ్గులు నింపి, గాలి కొట్టి, గోడలు ఎర్రగా కాలేదాకా మంట పెట్టాలి.

“ఊట?” అంది కాసులమ్మ.

“ఊట వచ్చేది ఆ పగులులోంచే,” అన్నారు మా ఆయన. ఆమె ముఖం చూడలేక తన చేతుల వైపు చూసుకుంటూ. “కాలితే అది మూసుకుపోతుంది. ఇక రాదు.”

అరుగు చుట్టూ ఊరంతా ఉంది. ఎవరో ముసలాయన, తాతలనాటి ఊట అని బెంగటిల్లిపోయాడు. ఒక కుర్ర తండ్రి కేకలేశాడు. పట్నమోళ్ళ పిచ్చికి మా నీళ్ళెందుకు పోవాలన్నాడు. కాసులమ్మ అందర్నీ అననిచ్చింది. తర్వాత పొయ్యిలో కట్టె ఎగదోస్తూ అంది.

“ఊట పోతే ఎక్కడికో నడిసి తెచ్చుకుంటాం. కాళ్ళున్నాయి. కొండే ఒచ్చి ఇళ్ళ మీద కూకుంటే ఏటి తెచ్చుకుంటాం? కాల్చీండి.”

అనకాపల్లి వైపు నుంచి ఇటుక బట్టీల వాళ్ళు బొగ్గుతో, గాలిపంకాలతో వస్తామన్నారు. ఈలోగా తవ్వకం. తవ్వకానికి హద్దు కావాలి. తోడు సోకిన రాయి ఎక్కడిదాకా, సోకనిది ఎక్కణ్ణుంచి? కొంచెం వదిలేసినా మళ్ళీ మొదలు. ల్యాబుకు పంపితే ఫలితం వచ్చేసరికి మబ్బులు వచ్చేస్తాయి.

“నాలికే దిక్కు,” అన్నారు మా ఆయన. “అంటుకుంటే తవ్వాలి. అంటకపోతే ఆగాలి.”

ఆయన నాలిక ఒక్కటి ఏ మూలకు? మధ్యాహ్నానికే పొక్కిపోయింది. మాట ముద్దగా వస్తోంది. రత్నమాల మొదలుపెట్టింది. తర్వాత నేను. కాలేజీలో పొటాషియం ఉప్పు నాలికకు తగిలితే డిమాన్‌స్ట్రేటర్ నన్ను బయట నిలబెట్టాడు. ఇప్పుడు ఒక పర్వతాన్ని నాకుతున్నాను. రుచి చెప్పాలంటే, కొత్త కుండలో నీళ్ళు తాగినట్టుంది. దానికి వానవాసన కూడా ఉంది.

ఊళ్ళో ఆడవాళ్ళు దూరంగా నిలబడి నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వో, అసహ్యమో తెలియలేదు.

“కొండని ఎంగిలి చెయ్యమంటావేటి బావూ?” అంది కాసులమ్మ.

అంతసేపూ ఆ సంగతి మాకు తోచలేదు. ఆమె అక్కడ అన్నం వండుకునే నీళ్ళకు ముందు దణ్ణం పెట్టే మనిషి. మా ఆయన సుత్తి కింద పెట్టారు. రత్నమాల తల్లి పక్కకు వెళ్ళి నిలుచుంది.

కాసులమ్మ చెప్పులు లేని కాళ్ళతోనే ఇంకొంచెం ముందుకు జరిగింది. బండకు నుదురు ఆనించి ఏదో గొణిగింది. వాళ్ళ మాటల్లో, మాకు అర్థం కాలేదు. తర్వాత కళ్ళు మూసుకుని నాలిక ఆనించింది. ఆనిన నాలిక ఊడి రాలేదు. కళ్ళు తెరిచి మా వైపు చూసింది. ఆ చూపులో ఉన్న భయం ఊట ఇక రాదన్నప్పుడు కూడా లేదు.

“పట్టుకుంటందే!” అంది, ఊడదీసుకుని. “పసిపిల్ల పాలకి పట్టుకున్నట్టు పట్టుకుంటంది.”

ఆ తర్వాత ఊరంతా వచ్చేసింది. అంటిన చోట ఒక గీత, అంటనిచోట ఒక సున్నా, సుద్దముక్కతో. పిల్లలకైతే తిరనాళ్ళే. అంటనిచోట కూడా అంటిందని అబద్ధాలాడి తల్లుల చేత మొట్టికాయలు తిన్నారు. అరుగు దగ్గర కేకలేసిన కుర్ర తండ్రి బొరియలోకి తల దూర్చి అందరికన్నా లోతున నాకి వచ్చాడు. నాలిక బయటపెట్టి బూడిద రంగు చూపించి, “మాస్టారూ, నాకూ డాక్టరేటు ఇచ్చీస్తారేటి?” అన్నాడు. మా ఆయన నవ్వబోయారు, నాలిక నొప్పి నవ్వనివ్వలేదు.

సున్నాలు కలిపి చూస్తే కొండ మొహం మీద ఒక వంకర బొట్టులా వచ్చింది. దాని లోపలిదంతా తవ్వి పోశారు. తవ్విన మట్టి కూడా విడిగా కుప్ప పెట్టి కాల్చవలసిందే. బట్టీవాళ్ళు బొరియ నింపారు. నిప్పు ఎవరు పెట్టాలన్నప్పుడు అందరూ మా ఆయన వైపే చూశారు. ఆయన అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయింది. మళ్ళీ గీశారు. ఎవరూ సాయం రాలేదు. అది ఆయన పనే.

పంకాలు మొదలయ్యాయి. పగలంతా కొండ కడుపులోంచి గుర్రుమని చప్పుడు. బొరియ గోడలు మొదట నల్లబడి, తర్వాత ఎర్రబడి, పల్లం వైపు నిలబడ్డ మా ముఖాల మీదికి ఎండకన్నా గట్టిగా కొట్టాయి. మంట ఆపకుండా చూడాలని వంతులేసుకున్నారు. ఆయన తన వంతు అయిపోయినా కదల్లేదు, నేను మాత్రలు అక్కడికే తీసుకెళ్ళాను.

వెదురు గొట్టం కింద ఎవరో బిందె తియ్యకుండా వదిలేశారు. ఆఖరి బొట్టు ఎప్పుడు పడిందో ఎవరూ చూడలేదు. బిందె అడుగున కాసిని నీళ్ళున్నాయి. కాసులమ్మ వాటిని ఎవరికీ ఇవ్వలేదు, ఒలకబొయ్యలేదు. మూత పెట్టి ఇంట్లోకి తీసుకెళ్ళింది.

విశాఖపట్నం తిరిగొచ్చాక ల్యాబులో మిగిలిన ముక్కలన్నీ ఫర్నేసులో పెట్టింది రత్నమాల. తలుపు తెరిచి పట్టుకున్నది మా ఆయన. ఆ అమ్మాయి నాలుగేళ్ళ పని. ఆయన ఎన్నేళ్ళ పనో ఆయనే చెప్పలేదు. పద్ధతి మాత్రం ఆయన తలలో ఉంది. దాన్ని ఏ ఫర్నేసులో పెట్టాలో మాకెవరికీ తెలియదు.

తర్వాత ఆ అమ్మాయి తల్లి దగ్గరకు వెళ్ళిపోయింది. మాకు ఇక్కడ వాన మొదలైంది. జనమంతా కిటికీలు తెరిచి హాయిగా ఊపిరి పీల్చుకుంటుంటే మా ఇంట్లో ఒక మనిషి ఉరిమినప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడేవారు. టీవీలో ఎక్కడ కొండచరియ విరిగినా, ఎక్కడో హిమాలయాల్లో అయినా సరే, మంచినీళ్ళు అడిగేవారు. పెరటి గోడకు చెయ్యి ఆనించి చూస్తుంటే ఒకసారి పట్టుకున్నాను.

“చల్లగానే ఉంది,” అన్నారు, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

“రోజూ నేనూ చూస్తున్నాను లెండి,” అన్నాను.

ఒక ముసురు పొద్దుట రత్నమాల ఫోను చేసింది. కొండ నిలబడింది. కాల్చిన బొరియ మీదుగా నీళ్ళు జారిపోతున్నాయి, లోపలికి దిగడం లేదు. ఊట మాత్రం రాలేదు. వచ్చింది, కానీ ఊటగరువులో కాదు. కొండకు అవతలి వైపు, కిందుగా, పెదపుట్టు అనే ఊళ్ళో ఎవరో పసుపుతోటలో కొత్త ఊట పుట్టింది. లోపల నీటికి పాత దారి మూస్తే కొత్త దారి వెతుక్కుందన్నమాట. నీళ్ళు తేటగా ఉన్నాయట.

“మంచిదే కదే!” అన్నాను.

“పెదపుట్టుతో మా ఊరికి మాటల్లేవు ఆంటీ. మా అమ్మ పెళ్ళికి ముందే, ఏదో ఎద్దు విషయంలో. ఇటువాళ్ళు అటు పిల్లనివ్వరు, అటువాళ్ళు ఇటు నిప్పు ఇవ్వరు. ఇప్పుడు మా ఊటే వాళ్ళింటికి కాపరానికెళ్ళిపోయిందని అక్కడ పాటలు కడుతున్నారు.”

ఊరు కూర్చుని మాట్లాడుకుందిట. మా ఆయన రావాలన్నారు. తప్పు, అంటే జరిమానా, వెయ్యాలని కాసులమ్మ అన్నదట.

వెళ్ళాం. అదే అరుగు. కాసులమ్మ చుట్ట ఆర్పి పక్కన పెట్టింది.

“ఆ ఊరోళ్ళని నానెల్లి నోరు తెరిసి అడగను. మా వోళ్ళెవరూ అడగరు. ఊట నువ్వు పోగొట్టినావు, నువ్వే ఎల్లి అడుగు. ఒప్పుకున్నారనుకో, కావిడేసుకుని నువ్వే మొయ్యి. మా వోళ్ళకి ఆ దారి అలవాటయ్యేదాకా. అదీ తప్పు.”

“ఈయనకి మోకాళ్ళ నొప్పులండీ,” అన్నాను.

“మరయితే మెల్లగా నడవమను,” అంది ఆమె, ఎంతో దయగా.

పెదపుట్టువాళ్ళు తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆ నీళ్ళలో కూడా తోడు ఉందేమో తాగి చూపించమన్నారు. ఆయన దోసిలి పట్టి తాగారు. మర్నాడు కూడా మనిషి మనిషిగానే ఉన్నాడని నిర్ధారించుకున్నాక, పట్నం మాస్టారు మోస్తానంటే పట్టుకెళ్ళమన్నారు, చూడ్డానికి బాగుంటుందని. ఎద్దు సంగతి వాళ్ళకూ సరిగ్గా గుర్తులేదు. అది ఎర్రదా, తెల్లదా అని వాళ్ళలో వాళ్ళే తగువుపడ్డారు.

సెలవు పెట్టి మా ఆయన కావిడి మోశారు. మొదటిరోజు కావిడి భుజం మీద నిలవలేదు. రెండు బిందెలూ ఎటువైపు ఊగితే మనిషి అటే పోయారు. పెదపుట్టు ఆడపిల్లలు దారి పక్కన బారులు తీరి చూశారు. నేను వెనక గొడుగు పట్టుకుని నడిచాను, ఆయన కోసం కాదు, నా కోసం.

కొండ మలుపులో ఆయన జేబులో ఫోను మోగింది. చేతులు ఖాళీ లేవు. నేనే తీసి ఆయన చెవి దగ్గర పెట్టాను. ఢిల్లీ నుంచి ఎవరో పెద్ద అధికారి. తోడు గురించి వాళ్ళకెలా తెలిసిందో. సొరంగాలకు చాలా పనికొస్తుందని, డైనమైట్ అక్కర్లేదని, ముక్క లేకపోయినా పరవాలేదు, పద్ధతి చెబితే చాలని ఆ గొంతు మహా గౌరవంగా అంటోంది. ఈయన రొప్పుతున్నారు. ముందుకు నడవడం ఆపి, కావిడి బద్ద భుజం మీద సర్దుకుని, ఎదురుగా కొండల వరస వైపు చూశారు. ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే రాయి.

“నాకు తెలిసిన పద్ధతి ఒక్కటేనండీ,” అన్నారు. “దాన్ని చంపేది. అది కావాలంటే ఇక్కడికి రండి, చూపిస్తాను.” నాకు కనుసైగ చేశారు. నేను ఫోను ఆపేశాను.

ఊటగరువు చేరేసరికి కాసులమ్మ వాకిట్లో కాచుకుని ఉంది. బిందెల్లోకి తొంగి చూసింది. మాటల సందడిలో, మలుపుల్లో ఒలికిపోయి రెండూ సగానికి వచ్చాయి.

“సగం దారిలో కొండ తాగీసిందేటి బావూ?” అంది.

వేళాకోళమే. అరుగు మీద అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. కావిడి దించేసి, వచ్చిన దారినే గబగబా వెనక్కి దిగారు. నేను వెంటపడ్డాను. కొంత దూరం పోయాక, నీళ్ళు ఒలికిన చోట, బండ మీద మోకాళ్ళ మీద కూలబడ్డారు. అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు. నేనూ వంగి చూశాను.

బండ చల్లగా ఉంది. ఒలికిన నీళ్ళు దాని మీద అలాగే నిలిచి, ఎండకు మెరిసి, మెల్లగా పల్లానికి జారిపోతున్నాయి.

ఆయన లేచి పంచెకు చెయ్యి తుడుచుకుని, మిగతా సగం తేవడానికి కావిడి కోసం మళ్ళీ పైకి ఎక్కారు.